గూడూరు వైపు పోయిన ఆవు

ఈ సంగతి చెప్పవలసిన వాళ్ళందరికీ ఇదివరకే చెప్పాను. పశువుల ఆసుపత్రిలో చెప్పాను. చిత్తూరులో ఆరోగ్యశాఖ ఆఫీసు వరండాలో పూటంతా కూర్చుని చెప్పాను. ఒకాయన నా మాట సగంలో ఉండగానే కాఫీకి లేచిపోయాడు. ఇంకొకాయన చివరిదాకా విని, "ఇప్పుడు మీకు బాగైంది గదా స్వామీ, ఇంకేం కావాల?" అన్నాడు. నాకేం కావాలో ఆయనకు అప్పుడే చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను. గూడూరు పక్కన ఏదో ఊళ్ళో, ఎవరింట్లోనో ఒక ఆవు ఉంది. నన్ను దాదాపు ఏడాదిపాటు మంచాన పడేసిన రోగం దాని ఒంట్లో ఉంది. ఆ ఇంటివాళ్ళకు ఆ మాట తెలియదు. అది ఈనేలోపల ఎవరైనా పోయి చెప్పాలి. ఎవరూ కదలడం లేదు గనక ఇలా రాస్తున్నాను.

నేను తిరుపతిలో ఎలిమెంటరీ స్కూలు పంతులిని. చిత్తూరు బస్సెక్కితే అరగంటలో మా ఊరు వస్తుంది, కాపురం ఊళ్ళోనే. అక్కడి వేణుగోపాలస్వామి గుడిలో మా వంశానిది అర్చకత్వం. ప్రతి శుక్రవారం స్వామికి తిరుమంజనం, అంటే పాలు, పెరుగు, తేనెలతో స్నానం చేయిస్తాం. అది పాత్రలోకి పట్టి, వచ్చినవాళ్ళకు తీర్థంగా ఇస్తాం. మిగిలినది నేల మీద పారబోయకూడదు, ఎవరి కాలైనా పడుతుంది. అర్చకుడే తీసుకోవాలి. మా నాయన తీసుకునేవాడు, నేనూ తీసుకునేవాణ్ణి.

గుడికి ధర్మకర్త మునస్వామి నాయుడు. ఆయన మొక్కు చెల్లించుకోను గుడికి ఒక జెర్సీ ఆవును ఇచ్చాడు. మా ఆవిడ రంగనాయకి దానికి గోద అని పేరు పెట్టింది. ఆవును ఇచ్చిన పేరు నాయుడిది. గడ్డి వేసి, పేడ ఎత్తి, పాలు పితికేది మేము.

*

డెబ్బై ఎనిమిది, దసరాల ముందు వచ్చే పెరటాసి నెల.

గోద నెలలు నిండకముందే ఈసుకుపోయింది. దూడ చచ్చి పడింది. మాయ సగం బయట, సగం లోపల ఉండిపోయింది. పశువుల డాక్టరు వచ్చేదాకా ఆగలేక నేనే చేత్తో పట్టుకుని లాగాను. దూడను గోనెలో చుట్టి గుడి వెనక పూడ్చాను. పని చివర్లో డాక్టరు వచ్చాడు. ఆవు మెడ దగ్గర సూది గుచ్చి సీసాలోకి రక్తం తీశాడు.

"ఇది ఎందుకు?" అని అడిగాను.

"పరీక్షకు పంపాల. ఈ పక్క నాలుగైదు ఊళ్ళల్లో ఇట్లనే ఈసుకుపోతా ఉండాయి," అన్నాడు.

తర్వాత మా రంగనాయకిని నీళ్ళు తెమ్మన్నాడు. తన సంచిలోంచి మందు తీసి ఆ నీళ్ళలో కలిపి, రెండు చేతులూ మోచేతులదాకా, గోళ్ళ సందులు కూడా వదలకుండా కడుక్కున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా చేతులు రక్తంతో, జిగటతో ఎండిపోయి ఉన్నాయి. ఆయన చూశాడు. తుండుతో చేతులు తుడుచుకున్నాడు, సైకిలెక్కాడు, వెళ్ళిపోయాడు. చేతులు కడుక్కోమని ఒక మాట అనడానికి ఆయనకు ఏం ఖర్చయ్యేది? నేను చెరువులో మునిగి వచ్చాను. అది మా ఆచారం. మందునీళ్ళ సంగతి నాకు తెలియదు, ఆయన చెప్పలేదు కాబట్టి.

దూడ లేకపోయినా గోద పాలిచ్చింది. ఈనిన ఆవు పాలు పది రోజులు స్వామికి పనికిరావు, మైల. ఆ పది రోజులూ ఒక్క చుక్క గర్భాలయంలోకి పోనివ్వలేదు. పదకొండో రోజు కొట్టం కడిగి, పుణ్యాహవాచనం చేసి, ఆ శుక్రవారం నుంచి దాని పాలతోనే తిరుమంజనం మొదలుపెట్టాం. శాస్త్రం చెప్పినదాంట్లో ఒక్కటీ తప్పలేదు.

*

ధనుర్మాసం.

ఆ నెల తెల్లవారుజామున లేచి గుడి తెరవాలి. మొదట్లో చలి అనుకున్నాను. సాయంత్రం నాలుగు గంటలకు ఒంట్లో ఏదో పాకినట్టు మొదలయ్యేది. దీపాలు పెట్టేవేళకు జ్వరం. రాత్రికి చెమట పోసి, పంచె పిండితే నీళ్ళు కారేవి. ఆ చెమటకు తడిసిన ఎండుగడ్డి వాసన. పొద్దున్నే ఏమీ ఉండదు. జ్వరం లేదు గాని, ఎముకల్లోంచి ఎవరో సారం తోడుకుపోయినట్టు ఉండేది. హారతి పళ్ళెం ఎత్తాలంటే ఎడమచేత్తో మోచెయ్యి పట్టుకోవలసి వచ్చేది.

ఈ జబ్బులో పెద్ద బాధ ఏమిటంటే, పగలు చూసినవాడికి మనిషి బాగానే కనిపిస్తాడు. మా హెడ్మాస్టరు పొద్దున నన్ను చూసి, "పంతులుగారూ, సెలవు చీటీలో మాత్రమే మీకు జ్వరం ఉండాది," అన్నాడు. స్టాఫు రూములో అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

రెండు మూడు వారాలకు జ్వరం దానంతట అది పోయేది. పోయిందని స్వామికి నైవేద్యం పెట్టి స్కూలుకు పోతే మళ్ళీ వచ్చేది. మా రంగనాయకి మొదట్లో కషాయాలు కాచింది. తర్వాత నా మంచం పక్కన కూర్చోవడం మానేసింది. కోపం కాదు, విసుగు. ఒకరోజు వంటింట్లో ఆమె వాళ్ళ అక్కతో అంటుంటే విన్నాను: "రోగమైతే ఏందో ఒకటి అయ్యుండాల గదా అక్కా. ఈయనది ఏదీ కాదంట. అట్లని మనిషి లేచి తిరగడు."

తిరుపతిలో ఒక డాక్టరు మలేరియా అన్నాడు, మాత్రలిచ్చాడు. ఇంకొకాయన టైఫాయిడ్ అన్నాడు. ఆ వరండాల్లో కూర్చోవడమే ఒక జబ్బు. టోకెను చేతిలో పట్టుకుని, నా కంటే తర్వాత వచ్చిన మోటారు సైకిలు వాళ్ళు లోపలికి పోతుంటే చూస్తూ, గోడకున్న పిల్లల బొమ్మల క్యాలెండరు చూస్తూ, నడుము నొప్పికి ఇటు ఒకసారి అటు ఒకసారి ఒరుగుతూ పూటలు గడిపాను.

*

ఎండాకాలం.

మూడో డాక్టరు నా ఎదురుగా కాకుండా మా పినతండ్రి కొడుకు శేషాద్రితో, "క్షయ కావచ్చు," అన్నాడు. కావచ్చు అన్నాడంతే. ఊళ్ళోకి వచ్చేసరికి ఆ 'కావచ్చు' ఎక్కడో రాలిపోయింది.

ఇంట్లో నాకు వేరే గ్లాసు, వేరే కంచం వచ్చాయి. రంగనాయకి వాటిని కొట్టం పక్కన బూడిదతో తోమేది. ఆమె కళ్ళలో నేనంటే భయం కనపడటం అదే మొదటిసారి. గుడిలో నా వంతు శేషాద్రి తీసుకున్నాడు. "నీకు తగ్గేదాకానే రా," అన్నాడు. దానికి ముందు చివరి శుక్రవారం నేను తీర్థం ఇచ్చినప్పుడు, కిరాణా కొట్టు సుబ్బరామశెట్టి అరచేతిలో పోయించుకుని, తల వెనక్కి వంచినట్టు నటించి, స్తంభం చాటుకు పోయి పంచెకు తుడుచుకున్నాడు. చూసుకుంటే అతని మేలుకే అయింది. కానీ తుడుచుకున్నది పాలకు భయపడి కాదు, నా చేతికి.

సూదులు వేశారు. కొద్దిగా తేలికైంది. అందుకని క్షయే అని ఖాయం చేశారు. తర్వాత మళ్ళీ జ్వరం, ఈసారి తొంటి కీలు పట్టేసింది. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను.

నేను తిరుపతి ఆసుపత్రిలో అలా పడి ఉండగా మునస్వామి నాయుడు గోదను అమ్మేశాడు. ఇంటికి వచ్చాక కొట్టం ఖాళీగా ఉంది. రంగనాయకి చెప్పింది.

"ఎవరు కొన్నారు?"

"ఎవరో గూడూరు పక్క ఆసామి. నిమ్మతోట ఉండాదంట. ఈడికే వచ్చి తోలుకుపోయినాడు. మంచి మనిషి, నన్ను అమ్మా అని పిలిచినాడు. కొడుక్కి కొత్తగా పెండ్లి చేసినాడంట. కోడలు పాడి ఇంట్లో పుట్టిన పిల్ల, ఆవు పని అంతా ఆమే చూసుకుంటాదని చెప్పినాడు."

"పేరు?"

"అడగలా. నేనేంటికి అడుగుతా? చూడి ఆవు, కార్తీకంలో ఈనుతాదని నాయుడు చెప్తా ఉన్నాడు. ఆయన తలూపుతా ఉన్నాడు."

అప్పుడు నాకూ అది పెద్ద విషయం అనిపించలేదు. ఆవు పోయింది, పని తగ్గింది అనుకున్నాను.

*

ఆషాఢం.

నన్ను వేలూరు తీసుకుపోయింది రంగనాయకే. శేషాద్రి వస్తానని చెప్పి బస్సు వేళకు రాలేదు. ఆమె తన తమ్ముణ్ణి పిలిపించి, ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని బస్సెక్కించారు. చిత్తూరులో బస్సు మారాలి. బస్టాండులో ఒక అరుగు మీద నన్ను పడుకోబెట్టి ఆమె నా తల దగ్గర నిలబడి చీరకొంగుతో ఈగలు తోలింది. వేరే గ్లాసు తేవడం మరిచిపోయింది. తన చెంబుతోనే నాకు నీళ్ళు పోసింది. అది ఆమె గమనించలేదు. నేను గమనించాను.

వేలూరు ఆసుపత్రి హాలులో జనం. బెంచీ మీద నా పక్కన గుడియాత్తం నుంచి వచ్చిన ముసలి నేతగాడు కూర్చున్నాడు. నా నడుము నిలవడం లేదని చూసి, తమిళం కలిసిన తెలుగులో, "నా మీద ఒరుగు సామీ. ఈ భుజం అరిగేది అరిగిపోయింది, ఇంక అరగదు," అన్నాడు. నేను పరాయివాళ్ళను తాకే మనిషిని కాదు. ఆ రోజు ఒరిగాను. లోపలి నుంచి తన పేరు పిలిచినా, నేను తన భుజం మీద నిద్రపోతున్నానని ఇంకొకరిని ముందు పొమ్మన్నాడట. ఆ సంగతి రంగనాయకి తర్వాత చెప్పింది. నన్ను అవమానించిన వాళ్ళందరి పేర్లూ నాకు తెలుసు. ఈయన పేరు అడగలేదు.

మొదట ఒక కుర్ర డాక్టరు ప్రశ్నలు వేశాడు. "పచ్చిపాలు తాగుతారా?" అని అడిగాడు. లేదన్నాను. మా ఇంట్లో పాలు పొంగు రాకుండా ఎవరూ నోట పెట్టరు. అదే చెప్పాను. అతను ఆ ప్రశ్న దాటేశాడు. దానివల్ల ఇంకో వారం పోయింది. ఈ మాట విన్నవాళ్ళు నేను అబద్ధం చెప్పానంటారు. నేను అబద్ధం చెప్పలేదు. తీర్థం తీసుకుంటారా అని అడిగి ఉంటే తీసుకుంటానని చెప్పేవాణ్ణి. పాలు తాగడం వేరు, తీర్థం వేరు. మా ఇళ్ళల్లో పుట్టినవాళ్ళు ఎవరైనా అదే జవాబు చెబుతారు.

తర్వాత వచ్చిన డాక్టరమ్మ పెద్దావిడ. ఆమె జబ్బు గురించి అడగలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, "మీకు బాగున్నప్పుడు ఒక శుక్రవారం ఎలా గడిచేదో చెప్పండి. లేచిన దగ్గర్నుంచి," అంది. ఏడాదిలో నన్ను అలా అడిగింది ఆమె ఒక్కతే. చెప్పాను. స్నానం, కొట్టం, పాలు పితకడం, చెంబు మీద తుండు కప్పి గుడికి తీసుకుపోవడం, తిరుమంజనం, తీర్థం.

"ఆ తీర్థంలో ఏముంటుంది?"

"పాలు, పెరుగు, తేనె, తులసి."

"అది కూడా పాలే కదా స్వామి."

"తీర్థం పాలు కాదమ్మా."

"సరే, తీర్థమే. కాచారా?"

"తీర్థాన్ని ఎవరు కాస్తారు?"

ఆమె నవ్వలేదు. తర్వాత, ఆవు ఎప్పుడైనా దూడను నెలలు నిండకుండా వేసిందా అని అడిగింది. వేసిందన్నాను. మాయ ఎవరు తీశారని అడిగింది. నేనే అన్నాను. ఆమె లేచి, మళ్ళీ రక్తం తీయమని చెప్పింది.

అదే రోగం అని తేలింది. పశువుల్లో దూడలను పడగొట్టే రోగం, మనుషుల్లో ఇలా వచ్చిపోయే జ్వరం. పచ్చిపాల వల్లా వస్తుంది, చచ్చిన దూడను, మాయను వట్టి చేతులతో ముట్టుకున్నా వస్తుంది. నాకు రెండూ జరిగాయి. తగ్గుతుందని, మందులు మాత్రం మధ్యలో ఆపవద్దని డాక్టరమ్మ చెప్పింది. పాలు కాచుకుంటే భయం లేదంది. ఇంట్లో ఎవరైనా గర్భిణి ఉంటే ఆ ఆవు దగ్గరికి పోనివ్వవద్దని, కడుపు పోయే ప్రమాదం ఉందని కూడా చెప్పింది.

మా రంగనాయకి అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నాకు క్షయ కాదని విని ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఆమె, "ఆ కొత్త కోడలు," అంది.

*

శ్రావణం, భాద్రపదం.

లేచి నడిచే ఓపిక వచ్చాక మొదట పశువుల డాక్టరు దగ్గరికి పోయాను. రక్తం పరీక్ష ఏమైందని అడిగాను. ఆయన దాచలేదు.

"ఆ ఆవుకు రోగం ఉందని ధనుర్మాసానికి ముందే తెలిసినాది స్వామీ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"రికార్డులో ఆవు నాయుడిగారి పేరు మీద ఉండాది. యజమానికి చెప్పినాను. మళ్ళీ చూడి కట్టించొద్దు, అమ్మొద్దు అని కూడా చెప్పినాను."

"దాన్ని పితికేది నేను. దాని పాలు నోట్లో పోసుకునేది నేను."

"మీరు దాని యజమాని కాదు గదా. మాది పశువుల శాఖ. మనుషుల జబ్బు మేము చెప్తే ఆ శాఖ వాళ్ళు మా మీదికొస్తారు."

అబద్ధం కాదు, ఆయన ఉన్నదే చెప్పాడు. ఆయన దగ్గర నా జబ్బు ఉంది, నేను లేను. డాక్టర్ల దగ్గర నేను ఉన్నాను, నా జబ్బు లేదు. మధ్యలో ఒక మనిషి సైకిలు మీద పది నిమిషాలు వచ్చి చెప్పి ఉంటే నా ఎండాకాలం నాకు మిగిలేది.

నాయుడి దగ్గరికి పోయాను. కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. ఆవుకు రోగం ఉందని తెలిసీ అమ్మారా అని అడిగాను.

"సూడండి స్వామీ. డాక్టరు ఏందేందో చెప్తాడు. ఆవు లక్షణంగా మేస్తా ఉండింది. మళ్ళీ కట్టిస్తే కట్టింది. అది రోగమెట్లయితాది?"

"కొన్నవాళ్ళ పేరు చెప్పండి. ఊరు చెప్పండి. నేను పోయి చెప్పొస్తాను."

"చెప్పినారంటే వాడు రేపు పొద్దున్నే ఆవును తోలుకొచ్చి నా వాకిట్లో కట్టేస్తాడు. ఊళ్ళో నా మర్యాదేం కావాల?"

"ఆ ఇంట్లో కొత్త కోడలు ఉంది."

"వాళ్ళ కోడలి సంగతి మీకేంటికి స్వామీ? మీరు బతికి బయటపడినారు. స్వామి దయ. కైంకర్యం చేసుకోండి."

మజ్జిగ తాగకుండా లేచి వచ్చాను. ఆ రోజు నుంచి ఆయన గుడికి వస్తే శఠగోపం పెడుతున్నాను గాని మాట్లాడడం లేదు.

గూడూరు పోయాను. రంగనాయకి వద్దంది, తర్వాత తనే సద్ది కట్టింది. నిమ్మకాయల మార్కెట్టులో బస్తాల మధ్య తిరుగుతూ కనిపించిన రైతునల్లా అడిగాను. జెర్సీ ఆవు, ఎరుపు, నుదుట తెల్లమచ్చ, ఎండాకాలంలో చిత్తూరు పక్కనుంచి కొన్నది, ఈమధ్యే కొడుక్కి పెళ్ళి చేసిన ఇల్లు.

ఒక వ్యాపారి కాయలు ఏరుతూనే, "పేరేంది?" అన్నాడు.

"గోద."

"ఆవు పేరు కాదప్పా, మనిషి పేరు. గోదా అని పిలిస్తే అది ఈడికొచ్చి పలకతాదా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఇంకొకతను, "ఈ పక్క తోటలేని ఇల్లు యాడుండాది సామీ, పెండ్లి గాని ఇల్లు యాడుండాది? అన్నీ ఉండే ఇండ్లే," అన్నాడు. వాళ్ళమీద నాకు కోపం లేదు. మధ్యాహ్నం ఎండకు తొంటి పట్టేసింది. ఒక బస్తా మీద కూర్చుంటే ఆ వ్యాపారే కాయ కోసి ఉప్పు వేసి నీళ్ళు కలిపి ఇచ్చాడు. "అంత దూరం నుంచి ఏంటికొచ్చినావు? నీ ఆవా?" అని అడిగాడు. కాదన్నాను. ఎవరికైనా తెలిస్తే పాలు కాచుకోమని, ఈనేటప్పుడు వట్టి చేతులు పెట్టొద్దని చెప్పమన్నాను. సరేనన్నాడు. ఆ మాట బండ్లెక్కి ఎంత దూరం పోయిందో నాకు తెలియదు. ఇంటికి వచ్చి వారం రోజులు లేవలేదు.

చిత్తూరులో చెప్పాను. ఆవు సంగతి కాబట్టి మాది కాదన్నారు ఆరోగ్యశాఖ వాళ్ళు. ఆవు ఇప్పుడు నెల్లూరు జిల్లాలో ఉంది కాబట్టి మాది కాదన్నారు పశువుల శాఖ వాళ్ళు. ఆవుకు జిల్లా ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

*

ఇప్పుడు మళ్ళీ పెరటాసి.

గుడిలో నా వంతు నాకు వచ్చింది. తిరుమంజనం పాలతోనే చేస్తున్నాను, అందులో మార్పు లేదు. తీర్థం మాత్రం తులసి, పచ్చకర్పూరం వేసిన నీళ్ళే ఇస్తున్నాను. పాలు పట్టి, ఎవరి కాలూ పడని పూలమొక్కల పాదుల్లో పోస్తున్నాను. ఇది ఆచారం కాదని శేషాద్రి నలుగురి ముందూ అన్నాడు. అననీ. గుడులున్న ఇళ్ళవాళ్ళు, పాడి ఉన్నవాళ్ళు, వచ్చిపోయే జ్వరంతో ఊరికే పడి ఉన్నవాళ్ళు ఈ మాట వినండి. ఆవు ఈసుకుపోతే చేతులకు ఏదైనా చుట్టుకోండి, తర్వాత మందునీళ్ళతో కడుక్కోండి. పాలు కాచండి. డాక్టరు పాలు తాగారా అని అడిగితే తీర్థం సంగతి కూడా చెప్పండి. ఈ రోగం తగ్గుతుంది. నాకు తగ్గింది. సాయంత్రం నాలుగయ్యేసరికి ఒళ్ళు తడిమి చూసుకోవడం మాత్రం ఇంకా పోలేదు.

కార్తీకం దగ్గరికి వచ్చింది. నాయుడి లెక్క ప్రకారం ఆవు ఈనేది ఈ నెలలోనో వచ్చే నెలలోనో. నెలలు నిండకుండా ఎప్పుడో వేసిందేమో కూడా నాకు తెలియదు. వేసి ఉంటే ఆ కోడలు పిల్ల చేతులు ఇప్పటికే అందులో పడ్డాయి.

మునస్వామి నాయుడుగారూ, మీకు ఆ ఇంటి పేరు తెలుసు. పశువుల డాక్టరుగారూ, మీకు ఆ రోగం పేరు తెలుసు. చిత్తూరులో నన్ను పూటంతా కూర్చోబెట్టిన అయ్యా, మీకు నా పేరు, ఊరు తెలుసు. ఆవు ఎవరి శాఖో మీరంతా తీరిగ్గా తేల్చుకోండి, నాకు అభ్యంతరం లేదు. ముందు ఒక్క మనిషిని ఆ ఇంటికి పంపండి. ఎవరు పోతున్నారు, ఏ రోజు పోతున్నారు? ఈ రెండింటికీ నాకు జవాబు కావాలి. మీలో ఎవరు చెప్పినా సరే.